కాల్చిన రాయి లెక్కకు నిలవదు

ముందు పోయినవాటి జాబితా రాస్తాను. ఏ లెక్కయినా నేను అక్కడి నుంచే మొదలుపెడతాను.

మూత లేని నూనె డబ్బా ఒకటి. మూడు రోజుల లెక్క. ఎనిమిది మంది ఆడవాళ్ల కష్టంలో తలా అరరోజు. ఒక మనిషి మాట మీద మిగిలిన ఏడుగురికి ఉన్న నమ్మకం. ముఠా పెద్దగా ఆ మనిషికి ఉన్న స్థానం. ఇద్దరు తోడికోడళ్ల మధ్య రాకపోకలు. నా కుడిచేతి రెండు వేళ్ల చర్మం కూడా పోయింది గాని, పది రోజుల్లో తిరిగి వచ్చింది. కాబట్టి దాన్ని కలపను.

ఇన్ని పోవడానికి కారణం నేను తప్పు రాళ్లు ఏరుకోవడం. ఆ తర్వాత ఒక అబద్ధం, ఒక నిజం చెప్పడం.

నా పేరు కోటేశ్వరరావు. పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో ముప్పై రెండేళ్లు లెక్కల గుమాస్తాగా పనిచేశాను. దుమ్ము ఊపిరికి పడక ఏడాదిన్నర క్రితం మానేశాను. ఇప్పుడు వయసు యాభై ఆరు. చదువు పదో తరగతి. ఇంగ్లీషు తప్పాను. లెక్కలు నా అంతట నేనే నేర్చుకున్నాను, కాగితం లేకుండా నోటితో వేయడం కూడా. ఇప్పుడు బట్టీల దగ్గర, వేబ్రిడ్జిల దగ్గర కంప్యూటరు నేర్చిన పిల్లలు చేరుతున్నారు. వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నా జీతం ఎప్పుడు ఎంత పెరిగిందో వాళ్లకు అక్కర్లేదు, కాబట్టి రాయను.

డబ్బా, రాయి

సున్నపు బట్టీ అంటే ఇటుకలతో కట్టిన పెద్ద బావిని నేల మీద నిలబెట్టినట్టు ఉంటుంది. పై నుంచి పచ్చి సున్నపురాయి, బొగ్గు పోస్తారు. లోపల కాలిన రాయిని కింది నోటి నుంచి లాగుతారు. పైకి రాయి మోసేది ఆడవాళ్లు. నేను చేరినప్పుడు మా బట్టీలో ఒక్కటే ముఠా, ఎనిమిది మంది. తలమీద తట్టలతో ఒకరి వెనుక ఒకరు ఎక్కేవాళ్లు. ఎనిమిది మందీ ఒకసారి ఎక్కి దిగితే ఒక వరస. తట్టకు అర్ధరూపాయి. వరసకు నాలుగు రూపాయలు. రోజుకు అరవై వరసలు అటూ ఇటూగా నడిచేవి.

వరస అయిన ప్రతిసారీ గుమాస్తా డబ్బాలో ఒక చిన్న రాయి వేయాలి. పుస్తకంలో గీత పెడితే చదువురాని వాళ్లకు అది వాళ్ల లెక్క అని నమ్మకం కుదరదు. రాయి పడితే టంగుమని చప్పుడు వస్తుంది. పైకి ఎక్కుతున్న ఆఖరి మనిషికి కూడా వినపడుతుంది. చప్పుడు రాకపోతే పై నుంచే కేక పడేది.

"ఏందయ్యా, రాయి పడలా?"

సాయంత్రం ముఠా పెద్ద ముందర డబ్బా బోర్లించి, రాళ్లు పదేసి చొప్పున లెక్కబెట్టి, పుస్తకంలో అంకె వేసేవాళ్లం. అప్పటి ముఠా పెద్ద సైదమ్మ. నాకంటే పన్నెండేళ్లు పెద్దది. అక్కా అనేవాణ్ణి.

ఇప్పుడు పనిలో చేరే పిల్లలు ఈ పద్ధతి వింటే నవ్వుతారు. నవ్వవద్దు. పని చేసిన వాళ్లకు వినపడేలా, కనపడేలా ఉండే లెక్క, మీ కంప్యూటరు తెర మీద ఒక్క మీకే కనపడే లెక్కకంటే మంచిది.

స్టూలు జరిగింది

నేను చేరిన రెండో నెలలో మా షావుకారు ఒక పొదుపు కనిపెట్టాడు. అప్పటిదాకా ఇద్దరు గుమాస్తాలు. పైకి పోయే తట్టలకు ఒకరు, కింద సున్నం బస్తాలకు ఒకరు. బస్తాల గుమాస్తా మానేస్తే షావుకారు నన్ను పిలిచాడు.

"ఒరేయ్ కోటేశ్వరరావూ, నీ స్టూలు కింద నోటికాడికి జరుపుకో. పైకి పోయే తట్టలూ అగపడతయ్యి, వచ్చే బస్తాలూ అగపడతయ్యి. ఒక మడిసికి రెండు కళ్లున్నయ్యి గదరా."

ఆయన చెడ్డవాడు కాదు. ప్రతి శనివారం మధ్యాహ్నం మూడింటికల్లా కూలి చేతిలో పెట్టేవాడు. ఆ తర్వాత నేను చూసిన యజమానుల్లో అంత క్రమం తప్పనివాడు లేడు. కానీ ఒక మనిషి జీతం మిగిలిందనుకునే వాడు, ఆ మనిషి చేసే పని ఎక్కడికి పోయిందని అడగడు. ఆ పని నా మీద పడింది. నాకు ఇరవై రెండేళ్లు. చేయలేనని చెప్పడం నామోషీ అనుకున్నాను.

పాత చోట నా కాళ్ల దగ్గరే పచ్చిరాయి కుప్ప ఉండేది. కొత్త చోట కాళ్ల దగ్గర ఉండేవన్నీ కాలిన ముక్కలు. పచ్చిరాయి కావాలంటే నలభై అడుగులు నడవాలి. అటు వెళితే ఇటు బస్తాలు కదులుతాయి. కాలిన ముక్క చూడ్డానికి తెల్లగా, శుభ్రంగా ఉంటుంది. రేగుపండంత ముక్కలు ఏరుకోవడం సులువు. చప్పుడు కొంచెం తక్కువగానైనా వస్తుంది. మంగళవారం పొద్దున అవే ఏరి డబ్బాలో వేయడం మొదలుపెట్టాను.

ఆ సాయంత్రం బస్తాల లారీ ఆలస్యమైంది. సైదమ్మ డబ్బా దగ్గరికి వచ్చింది.

"పోసి లెక్కబెట్టు అబ్బాయా."

"రేపటిది కూడా కలిపి చూద్దాం అక్కా. లారీ నిలబడి ఉంది."

"యాభై ఎనిమిది. నా నోట్లో ఉంది. మర్చిపోమాక."

బుధవారం అరవై ఒకటి అంది. గురువారం యాభై ఏడు అంది. మూడు రోజులూ నేను పోసి చూడలేదు.

వాన

గురువారం సాయంత్రం ముఠా ఇళ్లకు పోయిన కాసేపటికి ఒక్కసారిగా వాన కొట్టింది. షెడ్డు రేకు మీద నుంచి ధార సరిగ్గా నా డబ్బాలోకి పడింది. నేను బస్తాల మీద పట్టాలు కప్పుతున్నాను. వెనక్కి చూసేసరికి డబ్బా బుసబుసమంటూ ఆవిరి కక్కుతోంది.

కాల్చిన సున్నం మీద నీళ్లు పడితే ఏమవుతుందో బట్టీ చుట్టుపక్కల ఐదేళ్ల పిల్లకు తెలుసు. పొంగుతుంది, కుతకుత ఉడుకుతుంది, పిండైపోతుంది. నాకు తెలియదా? తెలుసు. రోజూ కళ్లారా చూసేది అదే. కానీ డబ్బాలో వేశాక అవి నా కంటికి సున్నంలా కనపడలేదు, అంకెల్లా కనపడ్డాయి. చేయి పెట్టి నాలుగైనా బయటికి తీద్దామనుకున్నాను. రెండు వేళ్లు కాలాయి. పావుగంటకు డబ్బా నిండా వేడి తెల్లపిండి మిగిలింది.

ఎవరైనా చూస్తే? సున్నపు బట్టీ గుమాస్తా కాల్చిన రాయితో లెక్క పెట్టాడట అని మాచర్ల దాకా చెప్పుకుని నవ్వుతారు. నేను డబ్బా ఎత్తి బట్టీ వెనుక సున్నం కుప్ప మీద బోర్లించాను. సున్నంలో సున్నం దాచడం చాలా తేలిక. డబ్బా కూడా అక్కడే పూడ్చాను.

మర్నాడు పొద్దున అందరి ముందరా షావుకారు అడిగాడు.

"రాళ్లేయిరా?"

"వానకు డబ్బా పడిపోయి కొట్టుకుపోయినయ్యండీ."

అబద్ధం అదే. ముఠాలో ఆదెమ్మ అని ఒకామె ఉండేది, సైదమ్మకు తోడికోడలు. నోరు గట్టిది. ఆమె ఊరుకోలేదు.

"డబ్బా పడితే రాళ్లు ఆ పక్కనే ఉంటయ్యిగా. వందకు పైన రాళ్లు, ఒక్కటన్నా మిగల్లేదా? అబ్బాయా, మధ్యాన్నం డబ్బాకాడ కూకునేది ఎవురు? సైదమ్మేగా?"

"ఆమే" అన్నాను.

అది నిజమే. సైదమ్మ రోజూ ఆ నీడలోనే కూర్చుని అన్నం తినేది. నేను చెప్పిన అబద్ధం కంటే ఈ నిజమే ఎక్కువ నష్టం చేసింది. సైదమ్మ రాళ్లు తీసి పారేసి, మిగిలిన కూలి షావుకారుతో పంచుకుందని మధ్యాహ్నానికి ముఠా అంతా అనుకుంది.

సైదమ్మ తన మూడు అంకెలూ చెప్పింది. మొత్తం నూట డెబ్బై ఆరు వరసలు.

"నోటి లెక్క నాకాడ చెల్లదమ్మాయ్" అన్నాడు షావుకారు. "కిందటి వారంలో అన్నిటికన్నా తక్కువ రోజు ఎంతరా?"

"నలభై తొమ్మిదండీ."

"మూడు రోజులకు అదే ఎయ్యి."

నూట నలభై ఏడు వేశాను. ఇరవై తొమ్మిది వరసలు తగ్గాయి.

పద్నాలుగు ట్రాక్టర్లు

అసలు తప్పు ఇంకా చెప్పలేదు. ఆ శుక్రవారం మధ్యాహ్నం నేను ఒక లెక్క వేసుకున్నాను. మంగళవారం పొద్దున కుప్పలో ఆరు ట్రాక్టర్ల రాయి ఉంది. మూడు రోజుల్లో పన్నెండు వచ్చాయి, చీటీలు నా దగ్గరే ఉన్నాయి. శుక్రవారం పొద్దున పని మొదలయ్యేసరికి మిగిలింది కంటి అంచనాకు నాలుగు. అంటే పద్నాలుగు ట్రాక్టర్లు పైకి పోయాయి. ట్రాక్టరుకు వంద తట్టలు. పద్నాలుగు వందల తట్టలు. ఎనిమిది చేత భాగిస్తే నూట డెబ్బై ఐదు వరసలు.

సైదమ్మ చెప్పింది నూట డెబ్బై ఆరు. ఒక్క వరస తేడా.

రాళ్లు పోయినా లెక్క పోలేదన్నమాట. ఆ కాగితం షావుకారు ముందు పెడితే ఆయన ఒప్పుకునేవాడు, ఆయనకు ట్రాక్టరు చీటీల మీద నమ్మకం. కానీ అప్పుడు రాళ్లు ఏమయ్యాయో కూడా చెప్పాలి. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. చొక్కా ఉతికినప్పుడు అదీ పోయింది.

తర్వాతి సోమవారం ముఠాకు ఆదెమ్మ పెద్ద అయింది. సైదమ్మ నెలరోజులు వరసలో ఆఖరున నడిచి, వేరే బట్టీకి పోయింది. వెళ్లే రోజు నా దగ్గరికి వచ్చి, "నేను తియ్యలేదు అబ్బాయా" అని మాత్రం అంది. నాకు తెలుసు అనలేకపోయాను.

ఆ తర్వాత ముప్పై రెండేళ్లలో నేను మరునాటికి లెక్క వాయిదా వేయలేదు. దీన్ని క్రమశిక్షణ అని అందరూ మెచ్చుకున్నారు. అది క్రమశిక్షణ కాదు, భయం.

స్కాన్ కాగితం

పని మానేసిన ఆరు నెలలకు నడుం నొప్పి వచ్చి నరసరావుపేటలో స్కాన్ తీయించుకున్నాను. కాగితం మా అమ్మాయి శ్రావణి చదివింది. డిగ్రీలో లెక్కలు చదువుతోంది.

"నాన్నా, లెఫ్ట్ కిడ్నీలో క్యాలిక్యులస్, ఆరు మిల్లీమీటర్లు. అది మా రెండో సంవత్సరం పేపరు. నీ కిడ్నీలోకి ఎట్టా దూరిందీ?"

"నేను లెక్కల మనిషినని డాక్టరుకు ఎవరు చెప్పారే?"

ఇద్దరం నవ్వుకున్నాం గాని నాకు నిద్ర పట్టే విషయం కాదు. రాయికీ లెక్కకూ ఒకే మాట ఎందుకుంది? మాటల పుట్టుక చెప్పే నిఘంటువు ఒకటి వాళ్ల కాలేజీ లైబ్రరీలో ఉంటే, ఆ పేజీలు ఫోనులో ఫోటో తీసుకురమ్మన్నాను. ఒక్కో వాక్యం శ్రావణి చదివి చెబుతుంటే, వంశవృక్షం గీసినట్టు పాత పద్దు పుస్తకం వెనుక పేజీలో గీసుకున్నాను. ఆ పేజీలో ఉన్నది ఇది.

రోమ్ వాళ్ల లాటిన్ భాషలో సున్నపురాయిని 'కాల్క్స్' అంటారు. కాల్చిన సున్నాన్నీ అదే మాటతో పిలిచేవాళ్లు. ఆ మాట ఇంకా వెనక గ్రీకు నుంచి వచ్చి ఉండొచ్చునట, ఖాయంగా తెలియదట. కాల్క్స్‌కు పిల్ల మాట 'కాల్కులుస్', అంటే గులకరాయి. రోమ్ వాళ్లు పలక మీద గీతలు గీసి, గీతల మధ్య గులకరాళ్లు జరిపి కూడికలు, తీసివేతలు చేసేవాళ్లు. అందువల్ల రాళ్లు జరపడమంటేనే లెక్క వేయడమైంది. దాని నుంచి ఇంగ్లీషు క్యాలిక్యులేట్, మన జేబులో ఉండే క్యాలిక్యులేటర్. శ్రావణి చదివే క్యాలిక్యులస్ కూడా మొదట్లో 'లెక్క వేసే పద్ధతి' అనే. డాక్టర్లు మాత్రం పాత అర్థం వదల్లేదు. వాళ్లకు అది ఇప్పటికీ రాయే.

కాల్క్స్‌కు వేరే సంతానమూ ఉంది. సున్నంలో ఉన్న లోహాన్ని విడదీసినప్పుడు దానికి క్యాల్షియం అని పేరు పెట్టారు. సుద్దను ఇంగ్లీషువాళ్లు చాక్ అనేది కూడా ఈ మాటనే, చానా పాతకాలంలో నోరు తిరిగినట్టు మార్చుకుని. ఇప్పుడు బడిలో వాడే చాక్‌పీసు చాలావరకు జిప్సంతో చేసింది, అది వేరే సంగతి. రాయిని కాల్చడాన్ని సిమెంటు ఫ్యాక్టరీ ఇంజనీర్లు కాల్సినేషన్ అంటారు. అంటే మా బట్టీ పనికే అది పేరు.

ఒక హెచ్చరిక కూడా రాసుకున్నాను. లాటిన్‌లో మడమకు కూడా కాల్క్స్ అనే మాట ఉంది. మాట వినక ఎదురు తన్నేవాణ్ణి రికాల్సిట్రంట్ అనడం దాని నుంచి వచ్చింది. పోలిక చూసి ఈ రెంటినీ ఒక ఇంటివాళ్లని అనుకోకూడదు. కాజ్‌వే అనే మాట, అంటే నీటి మీద కట్టిన బాట, సున్నం పరిచిన దారి నుంచి వచ్చిందా, మడమలతో తొక్కిన దారి నుంచి వచ్చిందా అని పండితులే తేల్చలేదట. తేలనిదాన్ని తేలనట్టే రాయడం నాకు నచ్చింది.

"నాన్నా, నువ్వు రోమ్ వాళ్లు చేసిన పనే చేశావన్నమాట, రాళ్లేసి" అంది శ్రావణి.

"వాళ్లు పచ్చిరాయి వేశారమ్మా" అన్నాను.

ఏమిటని అడిగింది. మొదటిసారి ఒక మనిషికి మొత్తం చెప్పాను. అంతా విని, "ఆమె ఉందా ఇప్పుడు?" అని మాత్రం అడిగింది.

ఆదెమ్మ ఇంట్లో

సైదమ్మ ఉంది. పిడుగురాళ్లలో హైవే పక్కన ముగ్గుపిండి అమ్ముతోంది.

"ఎవురూ, కోటయ్యా? ఏందయ్యా ఇట్టొచ్చావు? ముగ్గు గావాలా?"

"ఒక లెక్క చెప్పాలక్కా."

చెప్పాను. ఆమె నా మొహం వంక చూస్తూ విన్నది.

"కాల్చిన రాయి ఏశావా?"

"వేశాను."

"సున్నపు బట్టీలో కూలి తింటా, డబ్బాలో కాల్చిన రాయి ఏశావా?" పెద్దగా నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "నవ్వుతారనా చెప్పలా? పని పోద్దనా?" అంది.

"రెండూ."

"ఏది ఎక్కువ?"

కొంచెం ఆలోచించాను. "నవ్వుతారనే అక్కా."

ఆమె ముగ్గు బస్తా మూతి కట్టేసింది. "నాకు చెప్పి ఏం లాభం? నేను తియ్యలేదని నాకు తెలవదా? ఆదెమ్మకు చెప్పు. పద, నేనూ వస్తా. నా ముందరే చెప్పు."

ఆదెమ్మ ఇప్పుడు బెల్లంకొండలో కొడుకు దగ్గర ఉంటోంది. మేం వెళ్లేసరికి వాకిట్లో మిరపకాయలు ఆరబోస్తోంది. సైదమ్మను చూసి చేతిలో కాయలు అట్లాగే పట్టుకుని నిలబడింది. నేను నిలబడే చెప్పాను, ట్రాక్టర్ల లెక్కతో సహా. ఏదీ వదల్లేదు.

"ముప్పై మూడేళ్లకు తీరికైందా నీకు?" అంది ఆదెమ్మ. "నువ్వు ఆమేనని చెప్పబట్టే గదయ్యా నేను నమ్మింది! దీని కూతురి పెళ్లికి నేను పోలా. నా ఇంటాయన పోతే ఇది గడప తొక్కలా."

"వచ్చా" అంది సైదమ్మ. "వీధిలో నిలబడి చూసిపోయా."

"నిలబడినదానివి లోపలికి రావాలా, వద్దా?"

"పిలిచావటే నువ్వు?"

"చావింటికి పిలుపులేందే! పేరంటమా?"

నన్ను ఇద్దరూ మర్చిపోయారు. కాసేపటికి ఆదెమ్మ లోపలికి పోతూ, "కూకో, కాపీ పెడతా" అంది. నేను అరుగు మీద కూర్చోబోయాను. "నీకు గాదు, దానికి" అంది. తర్వాత నాకూ ఒక గ్లాసు వచ్చింది, చక్కెర లేకుండా.

ఇవ్వాల్సింది ఎంతో ముందే వేసుకుని వెళ్లాను. ఇరవై తొమ్మిది వరసలంటే మనిషికి ఇరవై తొమ్మిది తట్టలు, పద్నాలుగున్నర రూపాయలు. ఆ అంకె ఇస్తే అన్యాయం. రూపాయి అప్పటి రూపాయి కాదు గాని, అరరోజు కష్టం ఇప్పుడైనా అరరోజే. నేటి కూలి ఆరు వందలు, అందులో సగం మూడు వందలు. ఆదెమ్మ నోట్లు రెండుసార్లు లెక్కబెట్టుకుని కొంగున కట్టుకుంది. మిగతా ఆరుగురి ఆచూకీ వాళ్లిద్దరే చెప్పారు. నాలుగు వారాలు తిరిగి నలుగురికి చేతికిచ్చాను. పోయిన ఇద్దరి వాటా వాళ్ల పిల్లలకు ఇచ్చాను. ప్రతిచోటా కాల్చిన రాయి సంగతి చెప్పాను, ప్రతిచోటా నవ్వారు. నవ్వితే చచ్చిపోనని ఇరవై రెండేళ్లప్పుడు తెలియలేదు.

పావు కూలి

బెల్లంకొండ నుంచి తిరిగి వచ్చే బస్సులో సైదమ్మకు కూడా మూడు వందలు ఇచ్చాను. వద్దంటుందని ఎక్కడో అనుకున్నాను. తీసుకుంది. తీసుకుని, "పెద్దరికం సంగతేంది?" అంది.

ముఠా పెద్దకు రోజుకు పావు కూలి ఎక్కువ. అది నాకు తట్టలేదు. నాకు తట్టని లెక్క ఆమెకు తట్టింది.

"మళ్లీ ముఠా పెద్ద ఎప్పుడయ్యావక్కా?"

"మూడేళ్లకు."

"ఏడాదికి రెండు వందల ఎనభై రోజులు వేద్దాం."

"అదేంది, నేను రోజూ పోయా."

"వానాకాలం బట్టీ ఆపేవాళ్లు కదా."

"సర్లే, ఎయ్యి."

మూడేళ్లకు ఎనిమిది వందల నలభై రోజులు. అందులో పావు రెండు వందల పది. రెండు వందల పది రోజుల పూర్తి కూలి. నేటి కూలి ప్రకారం లక్షా ఇరవై ఆరు వేలు. ఒక్కసారిగా ఇవ్వడానికి నా దగ్గర లేదు, అదే చెప్పాను.

"ఎట్టిస్తావు మరి?"

"వారానికి ఒక కూలి."

ఆమె వేళ్లు ముడుస్తూ చూసుకుంది. "నాలుగేళ్లు దాటుద్ది. అందాకా నేను బతికుండొద్దా?"

"ఉండాలక్కా."

"నీ బాకీ కోసం ఉండాలన్నమాట" అని కిటికీ వైపు తిరిగింది.

ఆ వచ్చే సోమవారం నుంచి మొదలుపెట్టాను. వెళ్లినప్పుడల్లా ఆరు వందలు తీసుకుని, "ఎన్నయినయ్యి?" అని అడుగుతుంది. నేను అంకె చెబుతాను. ఆమె తన అంకె చెబుతుంది. రెండూ కలిస్తేనే నన్ను లేవనిస్తుంది. ఇప్పటిదాకా ఒక్కసారీ తేడా రాలేదు. నిన్నటితో నలభై ఒకటి ఇచ్చాను.

ఇంకా ఇవ్వాల్సింది నూట అరవై తొమ్మిది.